ఫోటోతో ఆగిపోయే రాయితీ: రాష్ట్ర వ్యవసాయ, ఉద్యాన, ఆర్థిక శాఖల బాధ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉన్నతాధికారులకు,

నమస్కారం. నేను హైదరాబాద్ మెహిదీపట్నంలో నివసిస్తూ, శని ఆదివారాల్లో చేవెళ్ల వైపున ఉన్న మా ఊరికి వెళ్లి మా అన్నతో కలిసి మూడెకరాల ఇరవై గుంటల చెలకలో టమాట, బీర, కొంత పత్తి సాగు చేసుకునే చిన్న రైతును. నీటినీ నేలనూ కాపాడుకునే పనులకు ప్రభుత్వం ఇస్తున్న రాయితీల విషయమై గడిచిన పద్దెనిమిది నెలల్లో మేము రెండుసార్లు అర్జీ పెట్టుకున్నాం. రెండింటికీ రశీదులు ఉన్నాయి, జవాబులు లేవు. మొదటి అర్జీ ఎక్కడ ఉందో కనుక్కోవడానికి వెళితే "పైకి పంపాం" అన్నారు. రెండో దాని గురించి అడిగితే "కిందికి వచ్చేసింది" అన్నారు. ఆ పైకీ కిందికీ మధ్య రెండు వానాకాలాలు, ఒక యాసంగి గడిచిపోయినందువల్ల, చెప్పవలసిన మాటను నలుగురి ముందు పెడుతున్నాను. ఏ కార్యాలయం పేరూ, ఏ కంపెనీ పేరూ ఇందులో రాయడం లేదు. తప్పు ఒక గుమస్తాదో, ఒక క్షేత్ర సిబ్బందిదో అయితే బహిరంగంగా రాయవలసిన పనే లేదు. లోపం పద్ధతిలో ఉన్నది.

ముందుగా ఒప్పుకోవలసినవి ఒప్పుకుంటాను. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో సూక్ష్మ సేద్యం ప్రాజెక్టు మొదలైన నాటి నుంచి నేటి వరకు బిందు సేద్యానికి మన దగ్గర ఇచ్చినంత రాయితీ ఇచ్చిన రాష్ట్రాలు కొద్ది. ఎస్సీ, ఎస్టీ రైతులకు 100 శాతం, బీసీలకూ సన్న, చిన్నకారు రైతులకూ 90 శాతం, మిగిలినవారికి 80 శాతం అన్నది చిన్న విషయం కాదు. కేంద్రం తన పథకం కింద సన్న, చిన్నకారు రైతుకు 55 శాతం, ఇతరులకు 45 శాతం లెక్కనే సాయం నిర్ణయించగా, అంతకు మించినది రాష్ట్ర ఖజానాయే భరిస్తున్నది. డ్రిప్పు సామగ్రిపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గడం కూడా మేలే. మా పొలంలో డ్రిప్పు పడిందంటే ఈ రాయితీ వల్లనే పడింది. సొంత డబ్బుతో అయితే మా అన్న ఆ ఆలోచనే చేసేవాడు కాదు.

ఇక జరిగినది చెబుతాను. 2020 జూన్‌లో దరఖాస్తు పెట్టి, చిన్న రైతులం కనుక మా వంతు పది శాతం కట్టాం. పైపులు 2021 మే నెలలో వచ్చాయి. వచ్చినవి లేటరల్ పైపుల, అంటే సాళ్ల వెంట పరిచే సన్న పైపుల చుట్టలు మాత్రమే. అవి అయిదు వారాలు వేపచెట్టు కింద, పొద్దు తిరిగాక ఎండలో పడి ఉన్నాయి. ఫిల్టరు ఎందుకు రాలేదంటే, పాత బిల్లులు అందలేదు కనుక కంపెనీ సరుకు ఆపిందని డీలరు చెప్పాడు. మొత్తానికి బిగించారు. తనిఖీకి వచ్చినవారు మా అన్నను ఫిల్టరు పక్కన పట్టాదారు పాసుపుస్తకం పట్టుకుని నిలబడమని, ఫోటో తీసి, దానికి స్థలం గుర్తు జతచేసి, సంతకం పెట్టించుకుని వెళ్లారు. ఆ రోజు కరెంటు లేదు. మోటారు వేయలేదు. చివరి సాలులో ఉన్న డ్రిప్పరుకు నీరు అందుతున్నదో లేదో ఎవరూ చూడలేదు, చూడాలని కాగితంలో ఉన్నట్టు కూడా లేదు. ఆ ఫోటోతో ప్రభుత్వ దృష్టిలో మా పొలంలో నీటి పొదుపు పూర్తయింది. మా దృష్టిలో ఆ రోజే మొదలైంది.

నేను చెప్పదలచినదంతా ఈ తేడా గురించే. మన రాయితీ సామాను బిగించినందుకు ముడుతున్నది, నీరు మిగిలినందుకు ముట్టడం లేదు. డబ్బు వెళ్లేది కూడా రైతు ఖాతాకు కాదు, సామాను వేసిన కంపెనీకి. దీనివల్ల మామూలు కుటుంబాల మీద పడుతున్న భారాన్ని కింద వరుసగా రాస్తున్నాను.

1. ఆలస్యం అయితే పోయేది వడ్డీ మాత్రమే కాదు, పంటకాలం. మా దరఖాస్తు పెట్టాక పైపులు రావడానికే పదకొండు నెలలు పట్టింది. ఆ ఏడాది టమాటకు కాలువ సాళ్లలోనే నీరు పారించాం. మార్చి రెండో వారానికి బోరు ఆగి ఆగి పోయడం మొదలుపెట్టింది. పావుగంట పోసి, ముప్పావుగంట ఊరాలి. కాయ పట్టిన తోటను కళ్లముందు వదులుకోవలసి వచ్చింది. పందిళ్లు, మల్చింగ్ (మొక్కల మొదళ్ల చుట్టూ నేలను కప్పడం) వంటివాటికి పరిస్థితి ఇంకా కష్టం: రైతే ముందుగా ఖర్చు పెట్టుకుని ఆ తరువాత రాయితీ కోసం ఎదురుచూడాలి. చేతిలో డబ్బున్నవాడు ఎదురుచూడగలడు. లేనివాడు షావుకారు దగ్గర నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చి పందిరి వేస్తే, రాయితీ వచ్చేనాటికి అందులో సగం వడ్డీకే సరిపోతుంది. ఎవరి బిల్లు ముందు, ఎవరిది వెనుక అన్న వరుస ఎక్కడా రాసి పెట్టి ఉండదు కనుక, వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదన్న సామెత ఊళ్లో రైతులకు ప్రతి ఏడాదీ గుర్తుకొస్తుంది.

2. బిగించిన తరువాతి సంవత్సరాలకు ఎవరూ బాధ్యులు కారు. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. నాలుగో ఏడు వచ్చేసరికి డ్రిప్పర్ల నోళ్ల దగ్గర తెల్లగా సున్నంలా పేరుకుంది. మా వదిన పిన్నీసుతో ఒక్కొక్కదాన్నే పొడిచి తీస్తుంటే, ఒక సాలు అయ్యేసరికి మధ్యాహ్నం అయ్యేది. యాసిడ్ నీటితో కడగాలని తరువాత ఎవరో చెప్పారు, ఎంత పాళ్లలో కలపాలో చెప్పినవారు లేరు. ఎండాకాలం దాహానికి ఎలుకలు, ఉడుతలు పైపులు కొరికాయి. కొత్త లేటరల్ పైపులకు సాయం అడిగితే, ఒకే భూమికి మళ్లీ రాయితీ రావాలంటే ఏడేళ్లు నిండాలన్న కేంద్ర మార్గదర్శకం చూపించారు. నిబంధన ఎందుకు పెట్టారో అర్థమవుతుంది, అదే సర్వే నంబరు మీద ఏటేటా బిల్లులు ఎత్తేవారు ఉంటారు. కానీ నాలుగైదేళ్లకే పైపు మూసుకుపోయే నేలల్లో మిగిలిన రెండు మూడేళ్లు రైతు ఏమి చేయాలి? ఏమి చేస్తున్నాడో చెబుతాను: పైపులు చుట్టి గట్టు మీద పడేసి, మళ్లీ కాలువ కట్టి పారిస్తున్నాడు. మా ఊరి చుట్టూ తిరిగితే ప్రతి నాలుగో గట్టు మీద అలాంటి నల్లటి చుట్ట ఒకటి కనిపిస్తుంది. కాగితం మీద ఆ ఎకరాలన్నీ ఇప్పటికీ బిందు సేద్యం కిందే ఉన్నాయి. ఖజానా ఖర్చు పెట్టిన 90 శాతం ఆ గట్టు మీద ఉంటే, తిరిగి నిలబెట్టడానికి కావలసిన కొద్దిపాటి సొమ్ముకు మాత్రం దారి లేదు.

3. కౌలు రైతు ఈ లెక్కలో లేడు. మా పక్క పొలం యజమాని నగరంలోనే స్థిరపడ్డారు. ఆ నేలను తొమ్మిదేళ్లుగా కౌలుకు చేస్తున్న కుటుంబానికి డ్రిప్పు రాయితీ కావాలంటే పాసుపుస్తకం యజమాని పేరు మీద ఉండాలి, దరఖాస్తు మీద సంతకం ఆయనదే కావాలి. సంతకం పెడితే కౌలు హక్కు అడుగుతారేమోనని ఆయన భయం. పెట్టకపోతే, వచ్చే ఏడు ఎక్కడ దున్నుతామో తెలియని నేలలో సొంత డబ్బు ఎందుకు పోయాలన్నది కౌలుదారు సందేహం. ఇద్దరి భయాలకూ కారణం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో తెచ్చిన అధీకృత సాగుదారుల చట్టం, పట్టా హక్కు కదలకుండానే సాగు చేసేవాడికి గుర్తింపు కార్డు ఇచ్చే దారి చూపింది. ఆ కార్డును నేల, నీటి సంరక్షణ రాయితీలకు వర్తింపజేస్తే కొత్త చట్టం అవసరమే ఉండదు. చెరువు పూడిక మట్టి విషయంలో ఏమి జరిగిందో గుర్తు చేసుకోండి: 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు మట్టి ఉచితం, తోలుకునే ఖర్చు రైతుది. కౌలుదారు ట్రాక్టరు కిరాయి పెట్టి మట్టి తోలిన నేలలు మరుసటి ఏడు యజమానులు కౌలు పెంచడానికి పనికొచ్చాయి. నేలను బాగు చేసినవాడికే శిక్ష పడిన ఆ ముచ్చటను మా దగ్గర ఇప్పటికీ చెప్పుకుంటారు.

4. పచ్చిరొట్ట విత్తనం తేదీ తప్పితే రాయితీ వ్యర్థం. జీలుగ, జనుము, పిల్లిపెసర నేలలో కలియదున్నడానికి విత్తిన తరువాత సుమారు నలభై అయిదు రోజులు పూత దశ దాకా ఆగాలి. జూన్ తొలకరికి గింజ చేతిలో ఉంటేనే జూలై ఆఖరుకు దున్ని నాటు పెట్టుకోగలం. బస్తాలు ఆలస్యంగా దిగితే, ఎండలో చెప్పులు వరుసలో పెట్టి నిలబడి తెచ్చుకున్న విత్తనం ఇంటి మూలన పడి ఉంటుంది. రాయితీ ఖర్చయినట్టు లెక్క రాసుకుంటారు. నేలకు మాత్రం ఒక్క ఆకు చేరదు. దీని గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు, తేదీ ఒక్కటి సరిచేస్తే చాలు.

5. ఒక చేత్తో పొదుపునకు, మరో చేత్తో వాడకానికి ఇస్తున్నారు. వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు 2018 జనవరి 1 నుంచి ఉంది. ఆ సదుపాయం తీసేయమని నేను అడగడం లేదు. అడిగితే మా అన్నే నన్ను గడప దాటనివ్వడు. కానీ లెక్క చూడండి. ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీరు నిలిస్తే 4,047 లీటర్లు. యాసంగి వరికి సుమారు 1,200 మిల్లీమీటర్లు కావాలనుకుంటే, ఎకరానికి 48 లక్షల లీటర్ల పైమాట. డ్రిప్పు మీద ఒక ఆరుతడి కూరగాయ పంటకు అందులో సగం కూడా పట్టదు. ఆ సగాన్ని మిగిల్చిన రైతుకు ప్రభుత్వం నుంచి పొదుపు పేరిట వచ్చేది ఏమిటి? ఏమీ లేదు. మిగల్చనివాడికి పోయేది కూడా ఏమీ లేదు. యూరియా విషయమూ ఇంతే: 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలకు దొరుకుతుంటే, పశువుల ఎరువు ట్రాక్టరు లోడు కొని, కూలి పెట్టి చల్లించేవాడికి ఊళ్లో వెర్రివాడన్న పేరు వస్తుంది. జాతీయ సహజ సేద్యం మిషన్ కింద ఎకరాకు ఏటా 4,000 రూపాయల చొప్పున రెండేళ్లు ప్రోత్సాహకం ఇవ్వాలని కేంద్రం నిర్ణయించింది. అది పద్ధతికి ఇచ్చే డబ్బు కనుక ఆలోచన మంచిదే. కానీ నేల కోలుకోవడానికి రెండేళ్లు ఏ మూలకు?

ఇక్కడ మా తప్పు కూడా చెప్పకపోతే ఈ లేఖ నిజాయితీగా ఉండదు. డ్రిప్పు వేసిన మొదటి యాసంగిలో మాకు నీరు మిగిలింది. మిగిలిన నీటిని నేలలో ఉంచామా అంటే లేదు. బీడుగా ఉన్న ముప్పై గుంటలను కూడా సాగులోకి తెచ్చి ఆ నీరు దానికి పెట్టాం. పక్కవాళ్లూ అదే చేశారు. మా ప్రాంతమంతా గట్టి రాతి నేల. పై పొరల్లో, పగుళ్లలో నిలిచిన నీరే మా ఆస్తి, అందరి బోర్లూ దాని నుంచే తోడుతాయి. నేను మిగిల్చితే పక్కవాడు తోడుకుంటాడన్న లెక్క ఉన్నంతకాలం ఎవరూ మిగల్చరు. నూటికి నూరు పాళ్లు రాయితీ ఇచ్చినా పైపు ఒక్కటే ఈ పని చేయలేదు. భూగర్భ జలాలను కాపాడటానికి 2002లో తెచ్చిన వాల్టా చట్టం ఉంది. బోరు వేసే రోజున దాని పేరు వినపడుతుంది, ఆ తరువాత వినపడదు.

ఇది కేవలం పల్లెల గొడవ అని నగరవాసులు అనుకోకూడదు. 1908 మూసీ వరద తరువాత కట్టుకున్న ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నిండాలన్నా, అనంతగిరి కొండల నుంచి ఇటు వచ్చే వాగులు పారాలన్నా, ఆ పరీవాహక ప్రాంతంలోని చెలకలు వాన నీటిని ఎంత పట్టి ఉంచుతాయన్నదే ముఖ్యం. ఇవాళ నగరం కృష్ణా, గోదావరి నీటిని వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి పంపులతో ఎత్తి తెచ్చుకుంటున్నది. ఏప్రిల్, మే నెలల్లో మెహిదీపట్నం రైతు బజారులో టమాట ధర మండిపోయినప్పుడు నా పక్కింటివారు నన్నే అడుగుతారు, "మీ ఊళ్లో పండవా?" అని. పండుతాయి, మార్చి దాటాక బోరులో నీరుంటే.

కాబట్టి మేము కోరేవి ఇవి.

మొదటిది, దరఖాస్తు అందిన నాటి నుంచి అరవై రోజుల్లో బిగింపు పూర్తి కావాలి. అంతకు మించితే రైతు కట్టిన వాటాకు ప్రభుత్వం వడ్డీ చెల్లించాలి. దరఖాస్తుల వరుస సంఖ్య, బిల్లుల చెల్లింపు తేదీ ప్రతి నెలా రైతు వేదిక గోడ మీద అతికించాలి. ఆర్థిక శాఖవారు ఈ పద్దుకు నిధులను పంటకాలానికి ముందే, అంటే మే నెలాఖరుకు ముందు విడుదల చేయాలి. మార్చి ఆఖరి వారంలో హడావిడిగా ఇచ్చే నిధులతో లెక్కలు ముగుస్తాయి, పొలం పనులు కావు.

రెండోది, రాయితీలో కొంత భాగాన్ని ఆపి ఉంచి, మూడో ఏడాది, అయిదో ఏడాది నీరు పారుతుండగా తనిఖీ చేసి, డ్రిప్పు నడుస్తుంటే ఆ సొమ్మును రైతు ఖాతాలో వేయాలి. లేటరల్ పైపులు, ఫిల్టరు మార్చుకోవడానికి అది సరిపోతుంది. తనిఖీ అంటే మోటారు వేసి, చివరి సాలు చివరి డ్రిప్పరు కింద గ్లాసు పెట్టి చూడాలి. దానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు.

మూడోది, కౌలుదారుకు గుర్తింపు కార్డు ఆధారంగా ఈ రాయితీలు ఇవ్వాలి. యజమాని పట్టా హక్కుకు దీనితో సంబంధం లేదని మంజూరు పత్రం మీదే అచ్చు వేయాలి. అప్పుడు సంతకానికి భయపడేవారు తగ్గుతారు.

నాలుగోది, పచ్చిరొట్ట విత్తనం మే 20 నాటికి మండల కేంద్రాలకు చేరాలి, చేరలేని ఏడాది ఆ సంగతి ముందే ప్రకటించాలి.

అయిదోది అన్నిటికంటే ముఖ్యమైనది. మిగిల్చిన నీటికి రైతుకు ఏటా డబ్బు ఇచ్చే పద్ధతిని మన రాష్ట్రంలో కొన్ని మండలాల్లోనైనా మొదలుపెట్టండి. ఇది కొత్త సంగతి కాదు. పంజాబ్ 2018లో, తనకు కేటాయించిన కరెంటులో మిగిల్చిన ప్రతి యూనిట్‌కు రైతుకు 4 రూపాయలు ఇచ్చే పథకం తెచ్చింది. హర్యానా 2020లో, వరి మాని వేరే పంట వేసిన ఎకరాకు 7,000 రూపాయలు ఇస్తామని ప్రకటించింది. నా ఉద్దేశంలో మనకు హర్యానా దారే నప్పుతుంది. మోటార్లకు మీటర్లన్న మాట వినగానే మన పల్లెల్లో ఎంత కలవరం రేగిందో మీకు తెలియనిది కాదు. ఆ గొడవలో పడితే నీటి సంగతి వెనక్కి పోతుంది. యాసంగిలో బోరు కింద వరి మానుకుని ఆరుతడి వేసిన ఎకరాన్ని ఊళ్లో అందరూ కళ్లతో చూడగలరు, గ్రామసభలో పేరు చదివి అడగగలరు. ఒకే పొరలోని నీటిని తోడుకునే పది పదిహేను కుటుంబాలు కలిసి ఒప్పుకుంటేనే ఈ డబ్బు ఇవ్వాలని కూడా షరతు పెట్టండి. లేకుంటే నేను మిగిల్చింది పక్కవాడు తోడుకునే కథ మళ్లీ మొదటికి వస్తుంది. రైతు భరోసా కింద ఎకరాకు ఏటా 12,000 రూపాయలు ఇస్తున్న ప్రభుత్వానికి, నీరు మిగిల్చిన ఎకరాకు మరికొంత కలిపి ఇవ్వడానికి ఖాతాల వివరాలు, పొలాల వివరాలు అన్నీ ఇప్పటికే చేతిలో ఉన్నాయి.

వీటిలో ఏది సాధ్యం, ఏది కాదో, కాకపోతే ఎందుకు కాదో లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా మనవి చేస్తున్నాను. మా రెండు అర్జీల రశీదు సంఖ్యలు ఈ లేఖ ప్రతితో పాటు మీ కార్యాలయాలకు విడిగా పంపుతున్నాను. తనిఖీకి ఎవరైనా వస్తామంటే మా పొలం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఒక్కటే విన్నపం, ఫిబ్రవరి దాటకముందే, కరెంటు ఉన్న పూట రండి. గట్టు మీద పడి ఉన్న పైపుల చుట్టను మా అన్న ఇంకా పారేయలేదు.

ఇట్లు,
చేవెళ్ల ప్రాంతపు ఒక చిన్న రైతు,
మెహిదీపట్నం, హైదరాబాద్